గడ్డ ముందు, వాత తర్వాత

నా కూతురు కళ్ళు తెరిచి నన్ను పిలవబోయి, మాట రాక, నోరు మాత్రం కదుపుతూ నా వైపు చూస్తుందేమో, అదే నా భయం. మిగతా భయాలన్నీ దీని వెనకే నిలబడి ఉన్నాయి. భూమికను ఆ రెండు రెక్కల తలుపుల లోపలికి తోసుకుపోయారు, తలుపు పైన ఎర్రలైటు వెలిగింది, నేనూ నా పెనిమిటి దేవరాజూ ఈ ఇనుప కుర్చీల్లో కూర్చున్నాం. ఈ బెంగళూరు ఆసుపత్రిలో కుర్చీలన్నీ ఒకదానికొకటి అతికించి ఉంటాయి, ఆయన కాలు ఊపితే నా కుర్చీ కూడా ఊగుతుంది, ఊపొద్దంటే ఆపుతాడు, మళ్ళీ మొదలుపెడతాడు. ఎదురుగా గోడకు టీవీ. ఎవరో ఆడమనిషి వంట చేస్తోంది, శబ్దం తీసేశారు, ఆమె గరిటె తిప్పుతోంది, నవ్వుతోంది, నోరు కదుపుతోంది, ఒక్క మాటా బయటికి రావడం లేదు. దాన్ని ఆపమ్మా అని కౌంటర్‌లో ఉన్న పిల్లను అడిగాను. సౌండే లేదు కదా, మీకేం ఇబ్బంది అంది. సౌండ్ లేకపోవడమే నా ఇబ్బంది అని ఆ పిల్లకు ఎలా చెప్పాలి? గడ్డ మెడలో పెద్ద రక్తనాళానికి ఆనుకుని కూర్చుందట, దాని పక్కనుంచే గొంతును కదిలించే నరం పోతుందట, నిన్న డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. గొంతు బొంగురుపోవచ్చు, కొన్నాళ్ళకు తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అంది. ఆ తర్వాత పెన్ను మూత పెడుతూ ఇంకో మాట అంది. వాత పెట్టినచోట చర్మమూ కండా గడ్డకు అతుక్కుపోయాయి, విడదీయడం కష్టం, ఆ వాత లేకపోతే ఈ పని చాలా సులువుగా అయిపోయేది. ఆమె మామూలుగానే అంది. నాకు మాత్రం చెవిలో ఆ మాట ఇంకా కాలుతూనే ఉంది.

వాత పెట్టింది మా అత్త సుంకులమ్మ. ఆమె కొడుకు ఇదిగో నా పక్కన కాలు ఊపుతున్నాడు. మా అమ్మ చదువుకోలేదు కదా సవితా అంటాడు, ఎప్పుడూ అదే మాట, చదువుకోని వాళ్ళందరూ పిల్లల మెడలు కాలుస్తారా? నేనేం చదివాను? మాది మడకశిర వైపు పల్లె, తొమ్మిది దాకా చదివాను, పదికి బస్సెక్కి పోవాలంటే మా నాయన పుస్తకాలు అటక మీద పెట్టేశాడు. అయినా మెడలో గడ్డ కనబడితే ఆసుపత్రికి పోవాలని నాకు తెలిసింది కదా. కనబడింది నాకే మొదట. ఆదివారం తలంటి, ఎండలో కూర్చోబెట్టి, కొబ్బరినూనె రాసి జడ వేస్తుంటే, కుడి దవడ కింద వేలికి తగిలింది, చర్మం కింద శనక్కాయ గింజ ఇరుక్కున్నట్టు. నొక్కితే నొప్పి లేదంది. అటూ ఇటూ కదిలింది. ఏందే ఇది అంటే, నాకేం తెలుసమ్మా, రిబ్బన్ బిగించొద్దు అంది. అంతే, ఆ రోజు రిబ్బన్ రంగు కూడా నాకు గుర్తుంది, ఆకుపచ్చ, స్కూలు రిబ్బన్. మళ్ళీ ఆదివారానికి అలాగే ఉంది. శనగలు కోతకొచ్చేసరికి గింజ కాస్తా కాయంత అయింది. జ్వరం లేదు, పంటి నొప్పి లేదు, తలలో పుండు లేదు, నేను వెతకని చోటు లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, నేను ఎంతమందికి చెప్పినా ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. అప్పటికి దాని మెడ మీద వాత లేదు. నున్నటి మెడ. నూనె రాస్తే మెరిసే మెడ.

దాన్ని పట్టణానికి తీసుకుపోదామని అనుకుంటూనే ఉన్నాం, ఈయనకు సెలవు దొరకాలి, నాకు పని దొరికే రోజులు అవి. నేను మెట్టిన ఊరు రాయచెర్లు, కన్నడ సరిహద్దు మీద, ఊరి చుట్టూ సోలార్ పలకలే, పొద్దున మేడలెక్కి చూస్తే నేల కనబడదు, నీళ్ళు నిలబడినట్టు ఉంటుంది, పక్షులు కూడా మోసపోయి దిగుతాయి. ఆ పలకలు కడిగే పనికి నేను తెల్లారకముందే పోతాను, ఎండెక్కితే గాజు మీద నీళ్ళు పోయకూడదు, అందుకని చీకట్లోనే పొడుగాటి బ్రష్షులు పట్టుకుని వరసలు వరసలుగా కడుగుతాం. వాత పెట్టిన పొద్దు నేను పనిలో ఉన్నాను. ఈయన గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో మా అత్త, పిల్ల. మా అత్తకు పొద్దుపోదు. ఒకప్పుడు ఆమెకు గొర్రెల మంద ఉండేది, తాతల నాటి నుంచి మేపుకునే వాళ్ళు, పలకలు వచ్చాక బీడంతా కంచె లోపలికి పోయింది, మేత లేక మంద అమ్మేశారు, నాలుగు మేకలు మాత్రం ఆమె ఇవ్వనని పట్టుపట్టి ఉంచుకుంది. మందకు గుర్తు వేసే ఇనుపకడ్డీ మాత్రం చూరులో అలాగే ఉంది, చివర కాకికాలు లాగా మూడు గీతలు. గొర్రెకు దవడ కింద వాపు వస్తే ఆ కడ్డీనే కాల్చి వాపు మీద పెట్టేవాళ్ళట, నీరు తీసుకుని గొర్రె మర్నాటికి మేతకు తిరిగేదట. ఎన్ని గొర్రెలు బతికాయో ఆమె వేళ్ళ మీద చెబుతుంది. చచ్చిన గొర్రెల సంగతి చెప్పదు. ఆ పొద్దు పొయ్యిలో కడ్డీ పెట్టింది. పక్కింటి కాటమ్మను పిలిచి పిల్ల కాళ్ళు పట్టుకోమంది. కాటమ్మ పట్టుకుంది. పట్టుకోమంటే పట్టుకోవడమేనా, బిడ్డల్ని కన్నది కాదా ఆ కాటమ్మ? నేను వచ్చేసరికి పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఉంది, మెడ మీద ఆకుల పసరు, పసరు కింద ఉబ్బిన మూడు గీతలు. మా ఇంటి మంద గుర్తు. నా కూతురి మెడ మీద.

అప్పుడు నేనేమన్నానో నాకు సరిగా గుర్తు లేదు, వీధంతా వచ్చి నిలబడింది, అది మాత్రం గుర్తుంది. మా అత్త గడప మీద కూర్చుని, "అరవాకమ్మా, నేనేమన్నా పగదాన్నా? రేపు పొద్దునకి వాపు దిగితాది చూడు, నా చేత్తో ఎన్నిటికి పెట్టినానో నీకేం తెలుసు" అంది. "అవి గొర్రెలు!" అన్నాను. "గొర్రెకు ఉండేదీ ప్రాణమే గదమ్మా" అంది, నిజంగా ఆశ్చర్యపోయినట్టు ముఖం పెట్టి. కాటమ్మ ఊరుకోక, "మా మల్లేశప్పకు కామెర్లొస్తే పొట్ట మీద పెట్టలేదా, ఇప్పుడు ఎద్దు మాదిరి తిరగతాండాడు, నువ్వు మడకశిర నుంచి వచ్చి మాకు చెప్పొచ్చినావు" అంది. నేను కాటమ్మను అన్న మాటలు ఇక్కడ రాయను, అవి అచ్చులో పెట్టే మాటలు కావు. ఆ రోజు నుంచి ఆమె నా ఫోన్ నంబరు రాకుండా చేసుకుంది. చేసుకోనీ. మర్నాటికి వాపు దిగలేదు. కాలిన చోట చీము పట్టింది, చీము ఎండింది, మూడు గీతలూ గట్టిపడి నల్లగా నిలబడ్డాయి, వాటి కింద గడ్డ, తన పాటికి తాను, నిమ్మకాయంత అయింది.

ఇక డాక్టర్లు. మా అత్త మీద నాకున్న కోపం ఒక రకం, వీళ్ళ మీద ఉన్నది ఇంకో రకం, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి, ఏది ముందు బయటికొస్తుందో నాకే తెలియదు. పట్టణంలో మొదట చూసిన డాక్టరు మెడ చూడగానే కుర్చీలోంచి లేచాడు. ఏమమ్మా, మనుషులేనా మీరు అన్నాడు. నర్సును పిలిచాడు, చూడండి, ఈ కాలంలో కూడా ఇలా ఉన్నారు అన్నాడు. పక్క గది నుంచి ఇంకొకతన్ని పిలిచాడు. ఫోన్ తీసి పిల్ల గడ్డం పైకెత్తి ఫోటో తీసుకున్నాడు, మూఢనమ్మకాల మీద మీటింగులో చూపించడానికట. నేను అడ్డం పడి, సార్, గడ్డ ముందు వచ్చింది, వాత తర్వాత పెట్టారు అన్నాను. ఆయన, కాల్చిన పుండుకు చీము పడితే పక్కన బిళ్ళ కడుతుంది, అది కూడా తెలీదా అన్నాడు. తెలుసు సార్, కాలికి ముల్లు గుచ్చుకుంటే గజ్జల్లో బిళ్ళ కడుతుంది, మాకూ తెలుసు, కానీ ఇది ముందే ఉంది సార్. ఆయన అప్పటికే మందు రాస్తున్నాడు. ఆ ఫోటోలో గడ్డ కూడా ఉండి ఉంటుంది కదా, ఎన్ని మీటింగుల్లో ఎంతమంది చూసి ఉంటారో ఆ ఫోటోను, మూడు గీతలు చూసి అయ్యయ్యో అని ఉంటారు, ఒక్కరైనా, ఇంత వాపు ఏమిటని వేలు పెట్టి చూపించారా? మా అత్త గడ్డను చూసి కడ్డీ తీసింది. వీళ్ళు వాతను చూసి గడ్డను వదిలేశారు. ఎవరు ఎక్కువ చదివినట్టు?

పుండు మానింది, గడ్డ మానలేదు. మళ్ళీ పోతే జిల్లా ఆసుపత్రికి పొమ్మన్నారు. అక్కడ సన్నసూది గుచ్చి లాగారు, సూదిలోకి నెత్తురే ఎక్కువ వచ్చింది, మామూలు బిళ్ళలో ఉండే కణాలే ఉన్నాయని రిపోర్టు వచ్చింది. మామూలు బిళ్ళ ఇన్నాళ్ళు ఎందుకు ఉంటుంది, ఎందుకు పెరుగుతుంది అని అడిగితే, టీబీ అయి ఉంటుంది, మీ వైపు దుమ్ము ఎక్కువ, మాత్రలు వేయండి అన్నారు. అయి ఉంటుంది అంటే అయినట్టా? కఫం పరీక్షలో ఏమీ లేదు, ఎక్స్‌రేలో ఏమీ లేదు. అయినా మాత్రలు వేశాం, చెప్పిన మాట వినని వాళ్ళమనే పేరు మాకెందుకు. పిల్లకు ఒంటేలు ఎర్రగా వచ్చేది, పొద్దున మాత్ర మింగి స్కూలుకు పోయేలోగా కక్కుకునేది, చేతులు పుల్లలయ్యాయి. స్కూల్లో దాన్ని కిటికీ పక్కన వేరే కూర్చోబెట్టారు, నీళ్ళ గ్లాసు వేరే. ఇంటికొచ్చి, అమ్మా, కిటికీ పక్కన గాలి బాగుంటుంది, టీచర్ నాకే ఇచ్చింది అని చెప్పింది. దానికి తెలిసే చెప్పింది, నాకు బాధ కలగకూడదని, మూడో తరగతి పిల్ల. మాత్రల కోర్సు పూర్తయింది. గడ్డ ఒక్క పిసరు తగ్గలేదు. తగ్గకపోతే ఏమన్నారో తెలుసా, మీరు సరిగా వేసి ఉండరు అన్నారు. మళ్ళీ ఆ మూడు గీతల వైపు చూశారు. వాత పెట్టుకునే వాళ్ళు మాత్రలు సరిగా వేస్తారా అని ఆ చూపు. ఆ మూడు గీతలు నా పిల్ల మెడ మీద ఉన్నంత కాలం నా నోటి నుంచి వచ్చే ఏ మాటకూ విలువ లేదు, నేను చెప్పే తేదీలకు విలువ లేదు, నేను తల్లిని అన్న దానికి విలువ లేదు. వాళ్ళ లెక్కలో నేను కూడా ఆ కడ్డీ పట్టుకున్న చేతినే.

ఎర్రలైటు అలాగే ఉంది. ఒక నర్సు బయటికొచ్చింది, మేమిద్దరం లేచాం, ఆమె మమ్మల్ని చూడకుండా వెళ్ళిపోయింది. దేవరాజ్ కూర్చుని, "కాఫీ తాగుతావా" అన్నాడు. "మీ అమ్మకు ఫోన్ చేసినావా" అన్నాను. "పొద్దున చేసినా, ఎత్తలేదు" అన్నాడు. ఎత్తదు. ఎందుకు ఎత్తుతుంది. నాకు తెలుసు ఎందుకు ఎత్తదో, కానీ ఇప్పుడు ఆ మనిషి గురించి ఆలోచించను, లోపల నా బిడ్డ మెడ తెరిచి ఉంది, ఆమె పెట్టిన గీతల మీద నుంచే కత్తి పోతుంది.

ఈ డాక్టరమ్మ దగ్గరికి మమ్మల్ని ఎవరూ పంపలేదు, దేవరాజ్‌తో గేటు దగ్గర డ్యూటీ చేసే యోగీశ్ అన్న వాళ్ళ మరదలికి ఇక్కడే గొంతు ఆపరేషన్ అయిందని మేమే వచ్చాం. ఈమె కూడా దేవత కాదు. భూమికను భావన అని పిలిచింది, రెండుసార్లు చెప్పినా మూడోసారి కూడా భావన అంది, పిల్ల నవ్వుకుంది. వాతను చూసి ఈమె ముఖం కూడా మారింది, నేను మళ్ళీ తిట్లకు సిద్ధపడి చీర కొంగు బిగించాను. ఆమె కన్నడలో, ఏది ముందు, గడ్డా, ఇదా అని అడిగింది. అంతే అడిగింది. గడ్డ ముందు, వాత తర్వాత అని నేను అన్నప్పుడు నా గొంతే నాకు కొత్తగా వినబడింది, ఎందుకంటే అది నేను ఎవరో అడిగితే చెప్పడం మొదటిసారి, అంతకుముందు అందరికీ అడగకుండానే అరిచి చెప్పాను. ఎంత ముందు అంది. రిబ్బన్ సంగతి, శనగల కోత సంగతి చెప్పాను. ఆమె రాసుకుంది. అట్లాగైతే ఇది పుండుకు కట్టిన బిళ్ళ కాదు అంది. ఇంత చిన్న మాట! రెండో తరగతి పిల్లకు కూడా తెలిసే లెక్క ఇది, ముందొచ్చినదానికి తర్వాతొచ్చింది కారణం ఎలా అవుతుంది? ఈ మాట కోసం నా బిడ్డ ఎన్ని మాత్రలు మింగింది? రంగుమందు ఎక్కించి స్కానింగ్ చేశారు, తెరమీద గడ్డ దీపం లాగా వెలిగింది, రక్తనాళం ఎంత తెల్లగా ఉందో గడ్డ అంత తెల్లగా. నెత్తురు బాగా తాగుతోంది, అందుకే అప్పుడు సూదిలోకి నెత్తురు వచ్చింది అంది. ఈసారి లావుసూదితో చిన్న ముక్క తీశారు. ఆ ముక్క రిపోర్టు వచ్చేదాకా మేము సత్రంలో గోడలు చూస్తూ కూర్చున్నాం, నేను క్యాన్సర్ అనే మాటను నోటితో అనలేదు, దేవరాజ్ కూడా అనలేదు, ఇద్దరం దాని చుట్టూ తిరిగి నడిచాం.

క్యాన్సర్ కాదు అంది. కాసిల్‌మన్ జబ్బట. ఎవరో దొర పేరు. వేలమందిలో కాదు, లక్షల్లో ఒకరికి వస్తుందట, బిళ్ళ తనంతట తానే పెరగడం మొదలుపెట్టి ఆగదట, అంటుకునేది కాదు, ఎవరి తప్పు వల్లా వచ్చేది కాదు. అద్దం కింద చూస్తే ఎలా ఉంటుందో ఫోన్‌లో చూపించింది, ఎర్రగడ్డను, అదే ఉల్లిపాయను, అడ్డంగా కోస్తే కనిపించే పొరలు, చుట్టూ చుట్టూ చుట్టూ. రోజూ నేను కోసే ఎర్రగడ్డే. నెత్తురు పరీక్షలు, ఒళ్ళంతా స్కానింగ్, ఇంకెక్కడా లేదని తేలింది. ఒక్కచోటే ఉంటే మందులు కూడా వద్దట, మొత్తంగా, పైపొర చిరగకుండా, ఏమీ మిగల్చకుండా తీసేస్తే చాలట, చాలామందికి మళ్ళీ రాదట. కొద్దిగా తీసి కొద్దిగా వదిలితే మళ్ళీ పెరుగుతుందట. నేను సంతోషపడాలి. పక్కన ఈయన ఏడ్చేశాడు సంతోషంతో. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. తీసేస్తే పోయేదా? శనక్కాయంత ఉన్నప్పుడే, నున్నటి మెడ మీద ఉన్నప్పుడే, ఎవరైనా, ఎవరో ఒకరు, నా మాట వింటే తీసేస్తే పోయేదా? ఇప్పుడు నరం మీదికి ఎక్కి కూర్చున్నాక, కాలిన కండతో అతుక్కుపోయాక, గొంతు పోవచ్చు సంతకం పెట్టండి అంటున్నారు. అరుదైన జబ్బు కదమ్మా, అందరికీ తెలియదు, వాళ్ళను అనకండి అంది డాక్టరమ్మ. జబ్బు అరుదే. తల్లి మాట వినడం కూడా అంత అరుదా?

దాని గొంతు సంగతి మీకు చెప్పాలి. అది పాటలు పాడే గొంతు కాదు, స్కూల్లో పద్యం చెబితే టీచర్ చాలు కూర్చో అంటుంది. అది మేకల్ని పిలిచే గొంతు. వాళ్ళ అవ్వ నేర్పింది, నాలుక మడిచి, తుర్ర్‌ర్‌మని మొదలుపెట్టి, చివర హోయ్ అని పైకి లేపుతుంది, పలకల మీద నుంచి ఆ చివరికి పోయి తగిలి వెనక్కి వస్తుంది. ఎండాకాలం మా అత్త మేకలు నీడ కోసం కంచె కింద దూరి పలకల కింద పడుకుంటాయి, ఊళ్ళో ఉన్న నీడంతా ఇప్పుడు అక్కడే కదా, వాటిని తరమాల్సిన సెక్యూరిటీ మా ఆయన. ఆయన విజిల్ వేస్తాడు. మేకలు కదలవు. కంచె ఇవతల మా అత్త నడుము మీద చేతులు పెట్టుకుని, "రేయ్ దేవరాజా, ఆ మేకపాలు తాగి పెరిగినోడివి, దాని మీదే విజిలేస్తావేంరా" అని అరుస్తుంది. "అమ్మా, సూపర్‌వైజర్ చూస్తాండాడు, పిలుచుకోమ్మా" అని ఈయన బతిమాలతాడు. "నేను పిలవను, మీ సూపర్‌వైజర్‌నే పిలవమను, వస్తాయేమో" అంటుంది. అప్పుడు భూమిక పరుగెత్తుకుంటూ వచ్చి ఒక్క తుర్ర్‌ర్ హోయ్, నాలుగు మేకలూ లేచి, బుద్ధిమంతుల్లాగా కంచె కింద నుంచి ఒకదాని వెనక ఒకటి బయటికొస్తాయి. ఈ పొద్దున కూడా, లోపలికి తోసుకుపోతుంటే, తలుపు దగ్గర, నర్సు నవ్వించడానికి నీకేం వచ్చు అని అడిగితే, ఆ పిలుపు పిలిచింది. ఈ తెల్లటి నడవలో. కుర్చీల్లో ఉన్నవాళ్ళందరూ తలలెత్తారు. ఎవరో నవ్వారు. తలుపు మూసుకుంది. ఆ హోయ్ ఇంకా ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతూనే ఉంది నాకు.

మా అత్తను రావద్దన్నాను. మీరు చేసింది చాలు, ఇంట్లో ఉండండి అన్నాను. ఆటో దగ్గరికి వచ్చి నిలబడింది, పిల్లను దగ్గరికి తీసుకుని చెవిలో ఏదో చెప్పింది, నేను చెయ్యి పట్టి లాగేశాను. ఏం చెప్పిందే అని నిన్న వార్డులో అడిగితే, "అవ్వ తన గొంతు దేవునికిచ్చిందంట అమ్మా, నేను మాట్లాడినానని తెలిసేదాంకా అవ్వ మాట్లాడదంట, ఒక్కపొద్దు ఉంటాదంట" అంది భూమిక. అది చెబుతుంటే దాని ముఖం గర్వంగా ఉంది. నాకు చెప్పలేనంత మంట. కాల్చింది చాలక ఇప్పుడు మొక్కు! దానికీ దీనికీ ఏమన్నా తేడా ఉందా, అది ఇనుముతో, ఇది దేవుడితో, రెండూ ఎవర్నీ అడక్కుండానే. పైగా బీపీ మాత్ర వేసుకునే మనిషి, ఒక్కపొద్దు ఉంటే ఒకపూట తిని మాత్ర మింగుతుందా, అదీ మానేస్తుందా? ఇంకో మాట చెప్పనా, ఆ మొక్కు మొక్కుకున్న మనిషికి, పిల్ల మాట్లాడిందని ఎలా తెలుస్తుందన్న ఆలోచనే లేదు. ఫోన్ మోగితే పచ్చ గుర్తు జరపడం ఆమెకు రాదు. ఎప్పుడూ భూమికే జరిపి చెవి దగ్గర పెట్టేది.

ఎర్రలైటు ఆరింది. నేను లేచానో, కుర్చీ నన్ను లేపిందో. డాక్టరమ్మ ముఖానికి కట్టుకున్న గుడ్డ గడ్డం కిందికి లాగి, చేతిలో స్టీలు పళ్ళెం పట్టుకుని వచ్చింది, ఇంటివాళ్ళకు చూపించడం ఇక్కడి పద్ధతట. మొత్తం వచ్చేసింది, చిరగకుండా వచ్చింది, నెత్తురు పోయింది కానీ ఎక్కించేంత కాదు, నరం కనబడింది, వదిలిపెట్టి తీశాం, మాట ఎలా వస్తుందో పిల్ల లేచాక చూద్దాం అంది. దేవరాజ్ పళ్ళెం వైపు చూడలేక గోడవైపు తిరిగాడు. నేను చూశాను. చిన్న కోడిగుడ్డంత, లేత ఎరుపు, నున్నగా, దాని నెత్తి మీద, కోసిన తోలుముక్క ఒకటి అతుక్కుని ఉంది, ఆ తోలు మీద నల్లగా మూడు గీతలు. కాకికాలు. కింద గడ్డ, పైన వాత. ఇప్పుడు గుడ్డివాడు తడిమినా తెలుస్తుంది ఏది ముందో. ఒక్క ఫోటో తీసుకుంటాను మేడమ్ అన్నాను. ఎందుకమ్మా అంది. నా పిల్ల ఫోటో ఒకటి పట్టణంలో ఒక డాక్టరు దగ్గర ఉంది, దాని పక్కన పెట్టుకోమని ఇస్తాను అన్నాను. ఆమె నవ్వలేదు. పళ్ళెం కొంచెం వెలుగు వైపు తిప్పి పట్టుకుంది. ఫోటో బాగా వచ్చింది.

తర్వాత నన్ను ఒక్కదాన్నే లోపలికి రమ్మన్నారు. పచ్చదుప్పటి కింద ఇంత చిన్నదా నా కూతురు. మెడకు తెల్లటి కట్టు, కట్టులోంచి సన్నటి గొట్టం. రెప్పలు కదిలాయి, మూతపడ్డాయి, మళ్ళీ కదిలాయి. భావనా, లే భావనా అంది డాక్టరమ్మ, ఈసారి నాకు కోపం రాలేదు. పిల్ల కళ్ళు తెరిచి నన్ను చూసింది. పెదాలు కదిలాయి. ఏమీ రాలేదు. టీవీలో వంట చేసే మనిషి లాగా, అచ్చం అలాగే, కదిలాయి, ఏమీ రాలేదు. నేను దుప్పటి అంచు పట్టుకున్నాను, తొందరపెట్టకమ్మా అన్నారు ఎవరో, పిల్ల ఉమ్మి మింగింది, నొప్పికి కళ్ళు చిట్లించింది, మళ్ళీ నోరు తెరిచింది. "అవ్వ" అంది. గరగరమని, ఎండిన ఆకు మీద కాలేసినట్టు, కానీ అంది. "అవ్వకు చెప్పుమా." అమ్మా అనలేదు! మాత్రలు మింగించింది నేను, కక్కితే ఎత్తింది నేను, డాక్టర్ల ముందు తిట్లు తిన్నది నేను, ఇన్నాళ్ళూ దాని పక్కన నేల మీద పడుకున్నది నేను, నోరు పెగిలితే పిలిచింది కడ్డీ పెట్టిన మనిషిని. నాకు ఏడుపూ నవ్వూ కోపమూ అన్నీ ఒకే దారిలో వచ్చి ఇరుక్కున్నాయి. నర్సు, గొంతు బాగానే ఉంది, కొన్నాళ్ళు బొంగురు ఉంటుంది, తగ్గుతుంది అంటోంది, నేను వింటున్నాను, వినబడటం లేదు.

బయటికొచ్చి ఫోన్ చేశాను. మోగింది. మోగి మోగి ఆగింది. దేవరాజ్ చేశాడు, మోగి ఆగింది. ఆ చిన్న గదిలో, గూట్లో, దేవుడి పటం పక్కన ఆ ఫోన్ వెలుగుతూ ఉంటుంది, దాని ముందు కూర్చుని ఆమె చూస్తూ ఉంటుంది, పచ్చ గుర్తు ఎటు జరపాలో తెలియక, అరిచి ఎవర్నైనా పిలుద్దామంటే నోరు దేవుడి దగ్గర పెట్టి. లేదా మాత్ర మానేసి ఎక్కడో పడిపోయి, చూస్తూ కూడా లేదేమో. కాటమ్మ నా ఫోన్ తీయదు. యోగీశ్ అన్న గేటు వదిలి పోకూడదు, పొద్దు మునిగాక పోతానన్నాడు. పొద్దు మునిగేదాకా నేను ఎలా ఆగాలి? ఆమెను నేను మన్నించలేదు. మన్నిస్తానో లేదో తెలియదు. అయినా మీరెవరైనా మా వైపు ఉంటే, హొసకోట నుంచి బైకు మీద పోతున్నా, నిడుగల్లు నుంచి ఆటోలో వస్తున్నా, రాయచెర్లు దగ్గర ఒక్క పది అడుగులు పక్కకు తిరగండి. కంచె పక్కన చివరి ఇల్లు, వాకిట్లో నాలుగు మేకలు కట్టేసి ఉంటాయి, సుంకులమ్మ అంటే చూపిస్తారు. భూమిక మాట్లాడింది, మొదట నీ పేరే ఎత్తింది అని గట్టిగా చెప్పండి, కుడి చెవి సరిగా వినబడదు. ఇక నోరు తెరవొచ్చు, మాత్ర వేసుకోవచ్చు అని చెప్పండి. నాకు కోపం పోలేదని కూడా చెప్పండి, అబద్ధం వద్దు. తిన్నావా అంటే తలూపుతుంది, ఆ తలూపడాన్ని నమ్మొద్దు. లోపలికి పోయి పొయ్యి రాళ్ళ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉన్నాయో లేదో.